సీసీ కెమెరా మోషన్ సెన్సిటివిటీ: ఒడిశా సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఏ ఊళ్లో చూసినా కెమెరా పెట్టించుకున్న మొదటి నెల ఫిర్యాదు ఒకటే: ఫోను రాత్రంతా మోగుతోంది, తీసి చూస్తే ఏమీ లేదు. రెండో నెలకి విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేస్తారు. ఇక ఆ కెమెరా గోడ మీద ఉన్నా లేనట్టే. అంతవరకూ రాకముందే చదవాల్సిన జవాబులివి.

సెన్సిటివిటీ అనే నంబరు అసలు దేన్ని కొలుస్తుంది?

మనిషిని కాదు, కదలికను కూడా కాదు. మామూలు కెమెరా, డీవీఆర్ (కెమెరాల వీడియో దాచే రికార్డింగ్ పెట్టె) చేసే పని ఇంతే: ఇప్పటి బొమ్మని ఒక్క క్షణం ముందరి బొమ్మతో పోల్చి, ఎక్కడెక్కడ వెలుగు మారిందో లెక్క వేస్తుంది. ఎంత చిన్న మార్పుని మార్పుగా లెక్కించాలో చెప్పేది సెన్సిటివిటీ. నంబరు పెరిగితే కొద్దిపాటి మార్పు కూడా లెక్కలోకి వస్తుంది.

దీనికి జంటగా ఇంకో నంబరు ఉంటుంది. డాహువా కంపెనీ తరహా పెట్టెల్లో దాన్ని త్రెషోల్డ్ అంటారు. మీరు గీసిన ప్రాంతంలో ఎంత శాతం మారితే అలర్ట్ పంపాలో అది చెబుతుంది. ఇది తిరగేసి పనిచేస్తుంది: త్రెషోల్డ్ తగ్గితే అలర్ట్లు పెరుగుతాయి. ఈ రెండింటినీ ఒకేసారి పైకి జరిపేసి, ఏమీ తేడా లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

అలర్ట్లు ఎక్కువగా వస్తుంటే ఆ నంబరు తగ్గించేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మీ కెమెరా 2 మెగాపిక్సెల్‌ది అనుకుందాం. బొమ్మ వెడల్పు 1920 చుక్కలు, ఎత్తు 1080 చుక్కలు, మొత్తం దాదాపు 20 లక్షల 73 వేలు. లెన్సు అడ్డంగా 100 డిగ్రీలు చూస్తుంది. కెమెరాకి 10 మీటర్ల దూరంలో, అంటే సుమారు 33 అడుగుల దూరంలో, వీధి గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. అంత దూరంలో ఒక మీటరు వెడల్పుకి సుమారు 80 చుక్కలు వస్తాయి. ఆ మనిషి బొమ్మలో 137 చుక్కల ఎత్తు, 40 చుక్కల వెడల్పు ఉంటాడు. మొత్తం బొమ్మలో ఇది 0.26 శాతం. పావు శాతం మనిషన్నమాట.

ఇప్పుడు ఒక అంగుళం రెక్కల పురుగు లెన్సుకి అర అడుగు దూరంలో ఎగిరింది. దగ్గరగా ఉంది కాబట్టి బొమ్మలో అది 130 చుక్కల పొడవు, అంతే వెడల్పు. దాదాపు 0.8 శాతం. అంటే గేటు దగ్గరి మనిషికి మూడింతలు. పైగా రాత్రి కెమెరా వేసే ఐఆర్ వెలుగు (కంటికి కనిపించని పరారుణ కాంతి) దాని మీద నేరుగా పడి తెల్లగా మెరుస్తుంది.

ఇక పురుగు అలర్ట్ ఆగేదాకా నంబరు తగ్గించారనుకోండి. పురుగు కన్నా ముందు మనిషే లెక్కలోంచి తప్పుకుంటాడు. ఫోను ప్రశాంతంగా ఉంటుంది, మీరు బాగుపడిందనుకుంటారు, గేటు దూకినవాడికి మాత్రం అలర్ట్ రాదు. అందుకే వరస ఇది: ముందు కెమెరా చూసే దిక్కు, తరవాత వెలుగు, తరవాత జోన్ (బొమ్మలో కెమెరా గమనించాల్సిన భాగం), ఆఖరున నంబరు.

ఏ నంబరు దగ్గర మొదలుపెట్టాలి?

0 నుంచి 100 ఉన్న పెట్టెలో సెన్సిటివిటీ 50, త్రెషోల్డ్ 5. పాత డీవీఆర్లలో 0 నుంచి 6 గళ్లే ఉంటాయి, అక్కడ 3. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడే ఉన్న వైఫై కెమెరాల్లో మధ్య. అక్కణ్ణించి ఒక్కసారికి 10 మాత్రమే జరపండి. ఒక నంబరు మార్చాక కనీసం మూడు రాత్రులు ఆగండి. ఒక రాత్రి వాన, ఒక రాత్రి గాలి, ఒక రాత్రి నిశ్శబ్దం. ఒక్క రాత్రి చూసి మళ్లీ మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

వీధి వైపు కెమెరాకి, పెరటి కెమెరాకి ఒకే నంబరు పెట్టకండి. వాటి ముందున్న ప్రపంచాలు వేరు.

మెనూలో ఇది ఎక్కడుంటుంది?

హిక్‌విజన్ కొత్త మెనూలో సిస్టమ్, ఈవెంట్, నార్మల్ ఈవెంట్, మోషన్ డిటెక్షన్. పాతవాటిలో కెమెరా అనే చోట మోషన్. డాహువాలో మెయిన్ మెనూ, అలారం, వీడియో డిటెక్షన్, మోషన్ డిటెక్షన్. సీపీ ప్లస్ పెట్టెల్లో చాలావాటి మెనూ డాహువా తీరులోనే ఉంటుంది. వైఫై కెమెరాల్లో ఆ కెమెరా సెట్టింగుల్లోకి వెళ్తే డిటెక్షన్ అన్న మాట కనిపిస్తుంది.

మార్చాక అప్లై గానీ సేవ్ గానీ నొక్కకుండా బయటికొస్తే మార్పు నిలవదు. నాలుగు కెమెరాలుంటే ప్రతి చానెల్‌కీ విడిగా నొక్కాలి.

జోన్ ఎలా గీయాలి? మాది వీధిలోకి తెరుచుకునే ఇల్లు.

పర్లాకిమిడి, బరంపురం పాత వీధుల్లో అరుగు దిగితే రోడ్డే. మధ్యలో జాగా ఉండదు. ఇలాంటి ఇళ్లకి జోనే ప్రాణం.

జోన్ పేజీ తెరిస్తే బొమ్మ మీద గళ్లు పరుచుకుంటాయి. మన దేశంలో అమ్మే డీవీఆర్లలో ఎక్కువగా 22 నిలువు వరసలు, 18 అడ్డ వరసలు. మొత్తం 396 గళ్లు. కొత్తగా బిగించినప్పుడు అన్నీ ఎంపికై ఉంటాయి. అదే సగం బాధకి మూలం. ముందు క్లియర్ నొక్కి అన్నిటినీ తీసెయ్యండి. తరవాత మౌస్‌తో లాగుతూ కావలసిన గళ్లు మాత్రమే ఎంచుకోండి.

ఏవి కావాలి? మనిషి మీ ఇంట్లోకి రావాలంటే కాలు పెట్టక తప్పని చోట్లు. అరుగు, గుమ్మం, గేటు లోపలి రెండు మూడు అడుగుల నేల, మేడ మెట్ల మొదలు, పక్క సందు, పెరటి తలుపు, ప్రహరీ గోడ పైఅంచు. ఏవి వద్దు? ఆకాశం, కొబ్బరి మట్టలు, జీడిమామిడి కొమ్మలు, బట్టలారేసే తాడు, రోడ్డు, రోడ్డుకవతల కొట్టు బోర్డు, బొమ్మ మీద మూలల్లో పడే తేదీ, సమయం అంకెలు. ఆ అంకెలు క్షణక్షణం మారతాయి. కొన్ని పాత పెట్టెలు వాటినీ కదలికగా లెక్కిస్తాయి.

తలకాయ కాకుండా పాదాలున్న చోటు గీయడం అలవాటు చేసుకోండి. రోడ్డు మీద పోయేవాడి తల మీ గేటు మీదుగా కనిపిస్తుంది, పాదాలు కనిపించవు. నేల మీద గీసిన జోన్‌లోకి వచ్చినవాడే లోపలికి వచ్చినవాడు.

చిన్న జోన్‌కి ఇంకో లాభం ఉంది. త్రెషోల్డ్ శాతం మీరు గీసిన ప్రాంతం మీద లెక్క కాబట్టి, బొమ్మలో ఇరవయ్యో వంతు జోన్ గీస్తే పైన చెప్పిన పావు శాతం మనిషి ఇప్పుడు ఐదు శాతం అవుతాడు. నంబరు ముట్టుకోకుండానే కెమెరా చురుకు ఇరవై రెట్లు పెరిగినట్టు. డాహువా తరహా పెట్టెల్లో ఒక్కో కెమెరాకి నాలుగు జోన్ల దాకా గీసి, ఒక్కోదానికి వేరే నంబర్లు ఇవ్వచ్చు. గేటుకి చురుగ్గా, చెట్టుకింద మందంగా పెట్టుకోండి.

రాత్రి నీడల సంగతి మరవకండి. రోడ్డు మీద వెళ్లే బండి హెడ్‌లైటు మీ గేటు చువ్వల్లోంచి పడి, చువ్వల నీడలు అరుగు మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెడతాయి. జోన్ ఎంత బాగా గీసినా అది అలర్టే. గేటుకి లోపలి వైపు అడుగున రెండు అడుగుల ఎత్తు రేకు బిగిస్తే చాలావరకు పోతుంది. లేదంటే అరుగు మీద సన్నటి ఎల్‌ఈడీ దీపం రాత్రంతా వెలిగించండి. వెలుగున్న చోట హెడ్‌లైటు తేడా చిన్నదవుతుంది.

రాత్రి పురుగులు, సాలెగూళ్లు. ఏం చెయ్యాలి?

తొలకరి తరవాత ఉసిళ్లు లేచే రోజుల్లో ఒక్క రాత్రిలో వందల అలర్ట్లు రావడం వింతేమీ కాదు. కెమెరా ముఖం చుట్టూ ఉన్న ఐఆర్ దీపాల వెలుగు లెన్సు పక్కనే మొదలవుతుంది. అందుకే దగ్గరగా ఎగిరినదంతా తెల్లటి తోకచుక్కలా కనిపిస్తుంది. సాలీడు గూడు మరీ పాడు. గాలికి ఊగిన ప్రతిసారీ అలర్ట్, తెల్లారేదాకా.

పని చేసే మందు దీపాన్ని లెన్సు నుంచి వేరు చెయ్యడం. కెమెరా సెట్టింగుల్లో ఐఆర్ ఆపేసి, కనీసం 4, 5 అడుగుల దూరంలో విడిగా ఐఆర్ ఇల్యూమినేటర్ పెట్టించండి. పురుగులు దాని చుట్టూ తిరుగుతాయి, లెన్సు ముందు కాదు. మామూలు ఎల్‌ఈడీ బల్బు అయినా సరే, కెమెరాకి దూరంగా, గేటు దగ్గర ఉండాలి. తెల్లటి బల్బు కన్నా పసుపు వెలుగు బల్బుకి పురుగులు తక్కువ వస్తాయి.

అది కుదరకపోతే వారానికోసారి పొడవాటి కర్రకి మెత్తటి బ్రష్షు కట్టి కెమెరా ముఖం, బ్రాకెట్టు మూలలు దులపండి. వానాకాలంలో వారానికి రెండుసార్లు. లెన్సు మీద పురుగుల మందు కొట్టకండి. ఆ నూనె పొర మీద ఐఆర్ వెలుగు చెదిరి బొమ్మ అంతా మసకబారుతుంది. మందు కొట్టాలంటే గోడకి, బ్రాకెట్టు వెనక్కి మాత్రమే.

గుండ్రటి మూత ఉన్న డోమ్ కెమెరా అయితే పైగాజు లోపలి వైపు ఉన్న నల్లటి నురుగు రింగు లెన్సుకి ఆనుకుని ఉందో లేదో చూడండి. అది జారితే ఐఆర్ వెలుగు గాజులోంచి వెనక్కి లెన్సు మీదే పడుతుంది. కిటికీ అద్దం వెనక పెట్టిన వైఫై కెమెరాకీ ఇదే గతి: రాత్రి దానికి కనిపించేది దాని వెలుగే. ఐఆర్ ఆపి బయట దీపం పెట్టాలి.

రోజూ సాయంత్రం, తెల్లవారుజామున ఒకే వేళకి అలర్ట్ వస్తోంది. ఎవరూ ఉండరు.

వెలుగు తగ్గగానే కెమెరా లోపల ఒక చిన్న ఫిల్టరు టిక్కుమని పక్కకి జరుగుతుంది. రంగుల బొమ్మ నలుపు తెలుపు అవుతుంది. ఒక్కసారిగా మొత్తం బొమ్మ మారింది కాబట్టి అలర్ట్. ఒక్కటి వస్తే పట్టించుకోనక్కర్లేదు. పది నిమిషాల్లో పదిసార్లు వస్తుంటే ఫిల్టరు అటూ ఇటూ ఊగిసలాడుతోందని అర్థం. డే నైట్ సెట్టింగులో మారడానికి పట్టే ఆలస్యాన్ని 5 సెకన్ల నుంచి 20, 30 సెకన్లకి పెంచండి. ఎదురుగా తెల్ల సున్నం గోడ ఉంటే ఐఆర్ వెలుగు దాని మీద పడి తిరిగొచ్చి, కెమెరాకి మళ్లీ పగలైందన్న భ్రమ కలిగిస్తుంది. అప్పుడు కెమెరాని ఆ గోడ నుంచి కొద్దిగా తిప్పడమే దారి.

వాన, తుఫాను, పొగమంచు రోజుల్లో?

మామూలు వాన చినుకులు దూరంగా పడితే పెద్ద బాధ లేదు. చూరు నుంచి కారే నీళ్లు లెన్సు ముందే పడితే బాధ. కెమెరాని చూరుకి ఒక అడుగు లోపలికి జరపండి. జరపలేకపోతే పైన చిన్న రేకు గొడుగు, ముందుకి 3 అంగుళాలు చాలు.

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుఫానుకి ఏ నంబరూ నిలవదు. చెట్లే కూలే రాత్రి కెమెరా ప్రతి క్షణం మోగుతుంది. ఆ రోజు ఫోను నోటిఫికేషన్ మాత్రం ఆపి, రికార్డింగ్‌ని 24 గంటలకి మార్చండి. సెన్సిటివిటీని ముట్టుకోకండి. తుఫాను వెళ్లాక పాత నంబరు ఎంతో ఎవరికీ గుర్తుండదు.

కోరాపుట్, సెమిలిగుడ, జయపురం వైపు చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగితే ఐఆర్ వెలుగు మంచుకే తగిలి తిరిగొచ్చి బొమ్మ పాలలా తెల్లబడుతుంది. మంచు కదిలితే బొమ్మ కదులుతుంది. ఐఆర్ బలాన్ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చి సగానికి తగ్గించండి. అక్కడా విడి దీపమే మేలు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లగానే అలర్ట్లు మొదలవుతున్నాయి.

ఇక్కడ చాలా ఇళ్లలో అసలు జబ్బు కరెంటులో ఉంటుంది, నంబరులో కాదు. మూడు చోట్లు చూడండి.

చదరపు తరంగం ఇన్వర్టర్ అయితే ఫ్యాను గుర్రుమన్నట్టే కెమెరా బొమ్మలోనూ అడ్డగీతలు పాకుతాయి. ఆ గీతలే కదలిక. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఇది పోతుంది. ఇన్వర్టర్ మార్చలేకపోతే డీవీఆర్‌కీ కెమెరాల ఎస్ఎంపీఎస్‌కీ (కెమెరాలకి 12 వోల్టులిచ్చే పవర్ సప్లై పెట్టె) కలిపి మంచి అడాప్టర్, చిన్న 12 వోల్టుల బ్యాకప్ విడిగా పెట్టండి.

రెండోది, పొడవాటి వైరు. మేడ మీది పెట్టె నుంచి పెరటి కెమెరాకి 40, 50 మీటర్ల సన్నటి 3+1 కేబుల్ (బొమ్మకీ కరెంటుకీ కలిపి వచ్చే వైరు) లాగి ఉంటారు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఐఆర్ వెలగ్గానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైరు చివర వోల్టేజ్ జారుతుంది, బొమ్మ మినుకుమంటుంది. రాత్రి పూట, ఐఆర్ వెలిగి ఉండగా, కెమెరా డీసీ పిన్ను దగ్గర మల్టీమీటరుతో కొలవండి. 12 వోల్టులు రావాలి. 11 కన్నా దిగితే ఆ కెమెరాకి దగ్గర్లోనే విడిగా 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ ఇవ్వండి. నాలుగు కెమెరాలకి ఒకే ఎస్ఎంపీఎస్ అయితే 5 ఆంపియర్లది ఉండాలి.

మూడోది ఒక్క నొక్కుడు పని. మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా 60 మీద ఉంటే ట్యూబులైటు కింద బొమ్మలో పట్టీలు పాకుతాయి. ఇమేజ్ సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్ పెట్టండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ డీవీఆర్ తేదీ వెనక్కిపోతుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయింది. ఎక్కువవాటిలో సీఆర్ 2032. తేదీ తప్పితే మోషన్ షెడ్యూలూ తప్పుతుంది. రాత్రి అనుకుని పెట్టిన వేళ పగలైపోతుంది.

చీకట్లో బొమ్మ అంతా ఇసక రాలుతున్నట్టుంది. అదీ కదలికే అవుతోందా?

అవుతోంది. వెలుగు చాలనప్పుడు కెమెరా గెయిన్ (బొమ్మని వెలిగించి చూపే బలం) పెంచుకుంటుంది, దాంతో ఆ నూక పుడుతుంది. గెయిన్ పైహద్దు 100 ఉంటే 50, 60కి దించండి. ఆ నూకని తగ్గించే డీఎన్ఆర్‌ని మధ్యకి పెంచండి. మరీ పెంచితే నడిచే మనిషి దయ్యంలా సాగిపోయి ముఖం పోతుంది. హిక్‌విజన్ ఐపీ (నెట్‌వర్క్ మీద నడిచే) కెమెరాల్లో ఎక్స్‌పర్ట్ మోడ్ ఉంటే పగటికి, రాత్రికి వేరువేరు సెన్సిటివిటీ పెట్టుకోవచ్చు. రాత్రిది పగటికన్నా 10, 20 తక్కువ ఉంచండి.

కుక్కలు, ఆవులు, కోతులు?

కెమెరా ఎత్తు 8 నుంచి 10 అడుగులు ఉండి కిందికి వంగి చూస్తే, నేల మీద నడిచే కుక్క బొమ్మలో చిన్నదిగా, మనిషి పొడుగ్గా పడతారు. అప్పుడు త్రెషోల్డ్‌ని కుక్కకి పైన, మనిషికి కింద ఉండేలా సర్దచ్చు. కుక్క మరీ దగ్గరకొచ్చి పడుకునే ఇంట్లో ఇది కుదరదు. వీధి అరుగు మీద పడుకునే ఆవు విషయంలో నంబర్ల పని లేదు: అది మనిషికన్నా పెద్దది, అంతే. అక్కడ మనిషి, వాహనం గుర్తించే కెమెరా ఒక్కటే జవాబు. కోతులు గోడ మీదుగా వస్తాయి కాబట్టి గోడ పైఅంచు జోన్‌ని పగలు ఆపి, రాత్రి మాత్రం షెడ్యూల్‌లో ఉంచండి. కోతులు చీకటి పడ్డాక తిరగవు.

మనిషిని గుర్తుపట్టే ఏఐ కెమెరా కొంటే ఈ తంటాలన్నీ పోతాయా?

చాలావరకు పోతాయి. కొత్తగా కొనేవాళ్లకి మా సలహా అదే. హిక్‌విజన్‌లో ఆక్యూసెన్స్, డాహువాలో ఎస్ఎండీ అనే పేర్లతో వస్తుంది. ముందు మామూలు మోషన్ లెక్క, తరవాత అది మనిషి ఆకారమా, బండి ఆకారమా అన్న రెండో చూపు. ఆకులూ వానా ఉసిళ్లూ ఇక్కడ రాలిపోతాయి.

అయినా ఇవి తెలుసుకుని కొనండి. కొన్ని డీవీఆర్లలో ఈ సదుపాయం అన్ని చానెళ్లకీ ఉండదు, పెట్టె మీద ఎన్ని చానెళ్లకో అడగండి. గొడుగు కింద నడిచేవాడు, గొంగళి కప్పుకుని వంగి వచ్చేవాడు, కెమెరాకి సరిగ్గా కింద నిలబడి నడినెత్తి మాత్రమే కనిపించేవాడు మనిషిగా లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే పెరటి తలుపు దగ్గర ఏఐ అలర్ట్‌తో పాటు మామూలు మోషన్ రికార్డింగ్ కూడా నడవనివ్వండి. ఫోనుకి ఏఐ, డిస్కుకి రెండూ.

బ్యాటరీ కెమెరా ఎండాకాలంలో మనుషుల్ని వదిలేస్తోంది.

బ్యాటరీ కెమెరాలో ఎక్కువగా పీఐఆర్ ఉంటుంది. అది వెలుగుని కాదు, వేడి తేడాని పసిగడుతుంది. ఒంటి వేడి 37 డిగ్రీలు. మే నెలలో గోడలు, నేల కూడా అంతే వేడెక్కితే తేడా కరిగిపోతుంది. సెన్సిటివిటీ వేసవిలో ఎక్కువకి, చలికాలంలో మధ్యకి మార్చుకోండి. పీఐఆర్‌కి ఎదురుగా నడిచి వచ్చేవాడికన్నా అడ్డంగా దాటేవాడు బాగా దొరుకుతాడు. కాబట్టి దారికి అడ్డంగా చూసేలా బిగించండి. గాజులోంచి ఇది పనిచెయ్యదు.

ఠాకురాణి యాత్ర రోజుల్లో వీధంతా జనం. ఏం చెయ్యాలి?

బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే యాత్ర వారాల తరబడి రాత్రులు సాగుతుంది. నంబరు మార్చకండి. వీధి కెమెరాకి అలర్ట్ ఆపి 24 గంటల రికార్డింగ్ పెట్టండి. పెరటి కెమెరా అలర్ట్ మాత్రం తప్పకుండా ఉంచండి. ఇంటిల్లిపాదీ వీధి వైపు ఉన్నప్పుడు పెరడు ఖాళీగా ఉంటుంది.

రికార్డింగ్‌ని మోషన్ మీద పెట్టాలా, 24 గంటలా?

డిస్కు ఉంటే 24 గంటలే. 2 మెగాపిక్సెల్ బొమ్మ సెకనుకి 2 మెగాబిట్ల లెక్కన రోజుకి 21.6 జీబీ. నాలుగు కెమెరాలకి 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు రోజులు వస్తుంది. వీడియోని మరింత కుదించే హెచ్.265 పెట్టి 1 మెగాబిట్‌కి దించితే ఇరవై మూడు రోజులు. మోషన్ గుర్తులు టైమ్‌లైన్ మీద ఎలాగూ పడతాయి, వెతకడం తేలిక.

64 జీబీ కార్డు వేసిన వైఫై కెమెరాకి 24 గంటలైతే మూడు రోజులు కూడా రాదు. అక్కడ మోషన్ రికార్డింగే దిక్కు. రోజుకి మొత్తం రెండు గంటల కదలిక ఉంటే నెల రోజులు నిలుస్తుంది.

వీడియోలో మనిషి వెళ్లిపోతున్న వీపు మాత్రమే కనిపిస్తోంది.

ప్రీ రికార్డ్ (కదలికకి ముందరి వీడియో) 5 సెకన్లు, పోస్ట్ రికార్డ్ (తరవాతిది) 10 సెకన్లు పెట్టండి. జోన్ మరీ గుమ్మం దగ్గర ఉంటే గేటు వైపు రెండు గళ్లు పెంచండి. అసలు వీడియోనే లేకపోతే, మోషన్ ఆన్ చేసి రికార్డ్ షెడ్యూల్‌లో మోషన్ గీత పెట్టడం మరిచారన్నమాట. అవి రెండు వేరు పేజీలు, రెండూ ఉండాలి.

ఇంట్లో అమ్మానాన్నలు, ఫోను హైదరాబాదులో మా దగ్గర. అలర్ట్ అరగంట తరవాత వస్తోంది.

సెన్సిటివిటీతో సంబంధం లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఆ యాప్‌కి బ్యాటరీ పొదుపు ఆపండి, వెనక నడవడానికి అనుమతి ఇవ్వండి. యాప్‌లో అలర్ట్‌కీ అలర్ట్‌కీ మధ్య విరామం ఎంత ఉందో చూడండి. 5 నిమిషాలుంటే మొదటిది కుక్కకి వచ్చి, రెండో నిమిషంలో వచ్చిన మనిషికి రాదు. ఒక్క నిమిషం చాలు. ఇంట్లోవాళ్ల ఫోనుకీ అదే కెమెరాని షేర్ చెయ్యండి. దూరాన ఉన్నవాళ్లు చూసేలోగా పక్కగదిలో ఉన్నవాళ్లు లేవగలరు.

టెక్నీషియన్‌కి తెలుగు రాదు, మాకు ఒడియా అంతంతమాత్రం. ఏమని చెప్పాలి?

మెనూలో ఉన్న మాటలే చెప్పండి: మోషన్, రీజియన్, సెన్సిటివిటీ, త్రెషోల్డ్, షెడ్యూల్. ఎవరికైనా అర్థమవుతాయి. తెర మీద వేలు పెట్టి గీయవలసిన చోటు చూపించండి. అతను వెళ్లేముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో రాయించుకోండి, మీరే ఒకసారి తెరిచి చూడండి. పాస్‌వర్డ్ లేకపోతే ఈ పేజీలో చెప్పిన ఏ ఒక్కటీ మీరు చెయ్యలేరు.

మా కెమెరాలో పక్కింటి పెరడు పడుతోంది.

ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగాన్ని నల్లగా కప్పెయ్యండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తి తన ఇంటి అవసరానికి వాడుకునేదాన్ని తన పరిధిలోంచి మినహాయించింది. అయినా పక్కింటి ఆడవాళ్లు స్నానానికీ బట్టలకీ తిరిగే చోటుని మన డిస్కులో దాచుకోవడం తప్పు. చాలా కెమెరాల్లో మాస్క్ వేసిన చోట అలర్ట్లు కూడా రావు.

సర్దింది సరిగ్గా ఉందో లేదో ఎలా పరీక్షించాలి?

ఇద్దరు కావాలి. ఒకరు ఫోను పట్టుకుని లోపల, ఇంకొకరు బయట. గేటు, సందు, మెట్లు, పెరడు, నాలుగు చోట్లా నడవాలి. మామూలుగా ఒకసారి, బాగా నెమ్మదిగా ఒకసారి, వంగి ఒకసారి. ముదురు రంగు బట్టలతో రాత్రి 11 దాటాక మళ్లీ. రెండు విడతల్లోనూ పన్నెండు నడకల్లో పన్నెండూ పట్టాలి. ఒక్కటి తప్పినా ఆ చోట జోన్ సరిచెయ్యండి, లేదా సెన్సిటివిటీ 10 పెంచండి. ఫలితం, తేదీ, నంబర్లు ఒక కాగితం మీద రాసి డీవీఆర్ మూతకి అంటించండి.

ఈ నడక ఏడాదికి మూడుసార్లు: జూన్‌లో వానలకి ముందు, అక్టోబరు తుఫానులు వెళ్లాక, మార్చిలో ఎండలు మొదలయ్యాక. చెట్టు కొమ్మ కొట్టించినా, ఎదురుగా కొత్త వీధి దీపం పెట్టినా, గోడకి సున్నం వేయించినా ఆ రోజు రాత్రే ఒకసారి నడిచి చూడండి.